బండి పుట్టింటివాళ్ళు

నిన్న పొద్దున మా వర్క్‌షాపులో కొత్తగా చేరిన మెకానిక్ ఒక ట్రాలీ బండి ఇంజను విప్పుతూ, రేకు అంచున ఉన్న నల్ల రబ్బరు పట్టీని పీకి అవతల పడేశాడు. "ఇదెందుకు సార్, అడ్డం తప్ప?" అన్నాడు. నేను అరిచిన అరుపుకు ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. ముప్ఫై ఏళ్ళ మనిషి, పెళ్ళయినవాడు, పాపం ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఒక రబ్బరు ముక్కకు ఇంత గొంతు అవసరమా అని తర్వాత నాకే అనిపించింది. కానీ ఆ రబ్బరు ముక్క చూస్తే నాకు ఒక మనిషి గుర్తొస్తుంది. ఆ మనిషి పోయిన చలికాలంలో చనిపోయింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. తన పేరు పరాయివాళ్ళ నోట్లో పడడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను తమ్మీ అనేది. ఆ మాత్రం చాలు.

మా షాపు రాయపూర్‌కు దూరంగా, అడవుల మధ్య ఉన్న గీదంలో, రోడ్లు కలిసే చోటికి కొంచెం ఇవతల ఉంటుంది. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కిరండూల్ గనుల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను గనికి పోకుండా స్పానరు పట్టుకున్నాను. మూడు చక్రాల బండ్లు తయారుచేసే కంపెనీ ఒకటి తన సర్వీసు బోర్డు తెచ్చి నా షాపుకు తగిలించింది. బోర్డు పెద్దది, దానితో వచ్చిన అధికారం చిన్నది. బండికి జబ్బు చేస్తే నేను కంపెనీకి ఫోన్ చెయ్యాలి. కంపెనీ చెప్పింది బండివాళ్ళకు చెప్పాలి. రెండు వైపులా తిట్లు మాత్రం నాకే వచ్చేవి.

అక్కది ఉసూర్ దగ్గర ఒక పల్లె. అటు రోడ్డు పడిన కొత్తలో చాలామంది మోటారు సైకిళ్ళు కొన్నారు. ఆమె మాత్రం వెనక ట్రాలీ ఉన్న మూడు చక్రాల బండి కొంది. భర్త లేడు, పిల్లలు లేరు. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు కట్టలు, వడ్ల బస్తాలు ఊళ్ళ నుంచి సంతలకు తోలేది. చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా వేసుకునేది. రెండు ముంజేతుల మీదా పచ్చబొట్లు. హ్యాండిల్‌కు సుతిలి తాడుతో ఒక స్టీలు గ్లాసు కట్టి ఉండేది, టీ ఎక్కడ తాగినా ఆ గ్లాసులోనే. హారన్ కొట్టడం ఆమెకు నామోషీ. "నోరుండంగ ఇంకో పీక ఎందుకు?" అనేది. దారికి అడ్డం వచ్చిన ఎడ్లను ఎడ్ల పద్ధతిలో, మనుషులను మనుషుల పద్ధతిలో పిలిచి పక్కకు తప్పించేది. గోండి, హల్బీ, తెలుగు, కేకకు సరిపడా హిందీ, ఎవరికి ఏది తగిలితే అది. మా షాపు ముందు బండి ఆగకముందే "తమ్మీ!" అనే కేక లోపల స్టోరు గదిలోకి వినబడేది.

దిగగానే ఆమె చేసే మొదటి పని ఒకటుంది. బండి వెనక్కి వెళ్ళి, ఇంజను మీది రేకుకు కుడి చేతి వెనక వైపు ఆనించి ఉంచేది. పసిపిల్లకు జ్వరం చూసినట్టు. వెంటనే తీసెయ్యకుండా, పెదవి బిగించి, కాసేపు అలాగే నిలబడేది. అప్పుడు తీర్పు వచ్చేది.

"కోడలికి ఒళ్ళు కాలిపోతాంది తమ్మీ."

బండి ఆమెకు కోడలు. ఎవరైనా నవ్వితే, "ఏంది నవ్వుతరు? కొడుకు లేకున్నా కోడలొచ్చింది. ఓలి ఇచ్చి తెచ్చుకున్న పిల్ల" అనేది. వాళ్ళ వైపు పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారే పిల్లకు ఓలి ఇచ్చి తెచ్చుకోవాలి. కాబట్టి డబ్బు పోసి కొన్న బండి ఆమె లెక్కలో ఓలి ఇచ్చి తెచ్చిన పిల్లే. కోడలంటూ వచ్చాక అత్తగారి సాధింపులు లేకుండా ఉంటాయా? "ఎత్తు కనవడితే చాలు, మూతి ముడుస్తది. కడుపునిండ ఆయిలు తాగుతది, పని చెప్తే ఒళ్ళు కాగిందంటది. దిగేటప్పుడు సూడు, ఏం రోగం లేదు, ఎగురుకుంట పోతది." ఇన్ని మాటలూ అని, బండి మీద పడ్డ ఎర్రదుమ్మును చీర కొంగుతో తుడిచేది.

ఆ బండి వేడెక్కడం నిజం. ట్రాలీ కింద ఉండే ఆ ఇంజనుకు నీళ్ళు ఉండవు, గాలితోనే చల్లబడాలి. ఒక ఫ్యాను బయటి చల్లగాలిని లాగి, ఇంజను చుట్టూ ఉన్న ఇనప రెక్కల మీదికి తోస్తుంది. వేడెక్కిన గాలి కింద ఉన్న సందుల్లోంచి బయటికి పోవాలి. నేను రెక్కల్లో పేరుకున్న మట్టి కడిగాను. ఇప్పపువ్వుల పాకం కారి బంకలా అంటుకుంటే గీకాను. ఆయిలు మార్చాను, ఫ్యాను మార్చాను. ఖాళీ బండి మా షాపు చుట్టూ తిరిగితే ఏ బాధా ఉండదు. బరువు వేసి, టార్పాలిన్ కట్టి, ఎత్తు ఎక్కితే మళ్ళీ కాలుతుంది. నాకు అంతుపట్టలేదు. కంపెనీకి ఫోన్ చేశాను. ముందు పాట వినిపించారు, ఆ పాట నాకిప్పటికీ కంఠతా వచ్చు. తర్వాత రాయపూర్ ఆఫీసులో మేనేజరు, "ఓవర్‌లోడ్. అడవి మనుషులు ఎంత పడితే అంత ఎక్కిస్తారు. డ్రైవరు తప్పు" అన్నాడు.

ఆ మాట అక్కకు ఎలా చెప్పాలో తెలియక, "బరువు కొంచెం తగ్గించమంటున్నారు అక్కా" అన్నాను.

"ఎవరు?"

"కంపెనీ వాళ్ళు."

"అంటే పుట్టింటోళ్ళు." అని నా ముఖంలోకి చూసింది. "పిల్లకు జబ్బు జేసిందంటే పుట్టింటోళ్ళు వచ్చి సూడాలె తమ్మీ. ఫోన్ల కూసుండి అత్తది తప్పు అంటే ఎట్ల? మా దిక్కు ఆ రివాజు లేదు. జబ్బయితే రావాలె. ఇంట్ల మనిషి పోతే బట్ట తేవాలె. గంతే పుట్టిల్లంటే."

నేను నవ్వాను, ఆమె కూడా నవ్వింది. అప్పటికి అది పరాచికమే.

అది పరాచికం కాకుండా పోయింది ఆ మరుసటి వేసవిలో. తొలకరికి ముందు వాళ్ళ ఊళ్ళల్లో విత్తనాల పండుగ చేస్తారు. ప్రతి ఇంటి నుంచి కాసిన్ని విత్తనాలు దేవర దగ్గర పెట్టి, పూజ అయ్యాక పంచుకుని తీసుకుపోతారు. అది అయ్యేవరకు ఎవరూ గింజ నేలలో వెయ్యరు. అంతకు ముందు ఏడాది చుట్టుపక్కల పల్లెల విత్తనాల మూటలు తెచ్చింది అక్క బండే. ఎక్కువ మూటలు ట్రాలీలో అడుగున పెట్టి, పైన మిగతా సామాను, ఇంకొన్ని మూటలు వేసి తోలింది. వానలు పడ్డాయి, గింజలు వేశారు. చాలా ఇళ్ళవాళ్ళకు నారు రాలేదు. మడులు బోసిగా ఉండిపోయాయి. అప్పో సప్పో చేసి వేరే విత్తనం తెచ్చుకున్నారు, ఆ ఏడు ఎలాగో గడిచింది. కానీ ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. ఆమె చెయ్యి పడ్డ విత్తనం మొలవదు, అని.

పట్నాల్లో ఉండేవాళ్ళకు ఇది చిన్న మాటలా అనిపించవచ్చు. మా వైపు అలాంటి మాట ఒంటరి ఆడదాని మీద ఒకసారి పడిందంటే, ముందు విత్తనాల దగ్గరికి రానివ్వరు. తర్వాత పెళ్ళిపందిట్లోకి రానివ్వరు. తర్వాత పిల్లలను ఆమె ఇంటి ముందు నుంచి నడవనివ్వరు. ఆ తర్వాత ఏమవుతుందో రాయడానికి నాకు మనసొప్పదు.

ఈ సంగతి నాకు ముందుగా ఆమె చెప్పలేదు. ఆమె చేసిన పని చెప్పింది. ఆ వేసవిలో ఒకరోజు ఆమె బండిని ఒక ట్రాక్టరు వెనక తాడుతో కట్టి లాక్కొచ్చారు. ఇంజను దారిలో బిగుసుకుపోయి పట్టేసింది. "తమ్మీ" అనే కేక లేదు. నేను బయటికి వచ్చేసరికి ఆమె ట్రాలీ పక్కన నిలబడి ఉంది, చెయ్యి రేకు మీద పెట్టలేదు. ఇంజను పలక తీసి చూసి నేను నోరు తెరిచాను. లోపల అలికి ఉంది. నిజంగానే, ఇల్లు అలికినట్టు. ఎర్రమట్టి, ఊక, పేడ కలిపి, ట్రాలీ అడుగునంతా మెత్తి, రేకుకూ రేకుకూ మధ్య కనబడిన ప్రతి సందూ నున్నగా మూసేసి ఉంది. వడ్లు పోసే గుమ్మిని ఎలుక దూరకుండా ఎలా మూస్తారో అలా. వేళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి.

"ఏం చేశావక్కా ఇది?"

"వేడి పైకి రాకుండ కట్టేసిన." గొంతు చిన్నగా ఉంది. "గింజల్ని ఈ వేడే సంపింది తమ్మీ. నాకు ఎరికే. అడుగు మూటలయి మొలవలే, పై మూటలయి మొలిసినయి. నా చెయ్యి అన్నిటి మీదా పడ్డది. నేను చెప్తే ఎవరింటరు? అందుకే ఈ ఏడు వేడి రానియ్యొద్దనుకున్న."

అప్పుడు చెప్పింది ఊళ్ళో మాట. చెప్పి, రెండు చేతులూ చొక్కా చేతుల్లోకి లాక్కుంది. ఎండలు మండిపోతున్న రోజులవి.

నేను కంపెనీకి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి పాట సగంలోనే ఆపి మాట్లాడారు. అప్పటికి ఇటు చాలా చోట్ల ఇవే బండ్లు ఎత్తుల మీద ఆగిపోతున్నాయట. ఇటుకలు తోలేవాళ్ళు, మనుషుల్ని ఎక్కించేవాళ్ళు, అందరూ తిడుతున్నారట. ఒక ఇంజనీరును పంపుతున్నామన్నారు.

వచ్చినవాడు పాతికేళ్ళు దాటని రాయపూర్ పిల్లాడేమో అనుకున్నాను. కాదు, నా వయసువాడే. బట్టతల, చేతిలో గొడుగు, ప్రతిదానికీ "పహ్లే దేఖ్‌తే హైఁ", ముందు చూద్దాం, అనే అలవాటు. అక్కను రమ్మని కబురు పెడితే, ఆమె చెంబుతో నీళ్ళు పట్టుకుని షాపు ముందు నిలబడి ఉంది. అతను కారు దిగగానే కాళ్ళకు నీళ్ళిచ్చింది. పుట్టింటివాళ్ళు వచ్చారు కదా మరి. అతను కంగారుగా నా వైపు చూశాడు. నేను సంగతి హిందీలో చెప్పాను. మనిషి నవ్వకుండా బూట్లు విప్పి కాళ్ళు కడుక్కున్నాడు. నాకు అతని మీద ఆశ పుట్టింది అప్పుడే.

ఆ ఆశ ఇంజను పలక తీసేవరకే. మట్టి చూడగానే అతని ముఖం వెలిగిపోయింది. "మిల్ గయా! దొరికింది! వేడిగాలి పోయే దారులన్నీ మూసేసింది. ఇంక ఇంజను పట్టెయ్యక ఏమవుతుంది?" అని ఫోన్ తీసి ఫోటోలు మొదలుపెట్టాడు. అన్ని వైపుల నుంచీ తీశాడు. కంపెనీకి అంతకంటే ఏం కావాలి?

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. అక్క అతని ఫోన్ వైపు, మట్టి వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది.

"మట్టి పెట్టింది నేనే, ఒప్పుకుంట. తప్పే జేసిన. కానీ మట్టి పెట్టింది ఈ ఏడు. గింజలు సచ్చింది పోయినేడు. అడుగు తమ్మీ, పోయినేడు ఎవరు సంపిండ్రు?"

అడిగాను. ఫోటోలు తీస్తున్న చెయ్యి ఆగింది. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, ఇంజను ముందు గొంతుక్కూర్చున్నాడు. "పహ్లే దేఖ్‌తే హైఁ" అని గొణుక్కున్నాడు. ఆ తర్వాత అతను చేసిన పని నేను నా జన్మలో చూడలేదు. మట్టి పూతను వేలితో అంగుళం అంగుళం తడుముతూ పోయాడు. ఒక్కోచోట గోటితో గీకాడు. కొన్నిచోట్ల పూత మెత్తగా రాలింది, కొన్నిచోట్ల కాలి పెంకులా గట్టిపడింది. వేడిగాలి బయటికి పోయే వైపు కాలి ఉండటం సహజం. కానీ ఫ్యాను మూతి పక్కన, రేకు బాడీకి ఆనే అంచు దగ్గర కూడా మట్టి నల్లగా మాడి ఉంది. అతను అక్కడే ఆగిపోయాడు.

"ఇది చల్లగాలి వచ్చే చోటు," అన్నాడు నాతో. "ఇక్కడ మట్టి ఎందుకు కాలింది?"

అప్పుడు నాకూ వెలిగింది. ఆ అంచు దగ్గర కంపెనీ వదిలేసిన సందు ఒకటుంది. బరువు వేసి, టార్పాలిన్ కట్టినప్పుడు, కింది నుంచి పోవాల్సిన వేడిగాలి పోలేక ఆ సందులోంచి మళ్ళీ ఫ్యాను మూతి దగ్గరికి చేరుతోంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిరిగి ఇంజను మీదికి తోస్తోంది. అక్క అన్నీ మూసింది, మూయకూడనివి కూడా. పూత ఎండి ఆ సందు దగ్గరే నెర్రె విచ్చింది. ఆమె పూత లేకపోతే ఆ సందు ఎవరికీ కనబడేది కాదు, అతను రాకపోతే ఆ పూత ఏం చెబుతోందో మా ఇద్దరికీ తెలిసేది కాదు.

ఇంజను బాగుచేశాక అతను, మిగతా మట్టి అంతా గీకేసి, ఆ ఒక్క అంచుకే మళ్ళీ మెత్తమని అక్కను అడిగాడు. ఆమె చీర దోపుకుని, ఊక ఎక్కువ కలిపి, నెర్రె విచ్చకుండా మెత్తింది. అతను పక్కన కూర్చుని, ఎంత మందం, ఎంత తడి అని అడుగుతుంటే, "పుట్టింటోళ్ళు పని నేర్చుకునేటందుకు వచ్చిండ్రా, పిల్లను సూసేటందుకు వచ్చిండ్రా?" అంది. చాలా రోజుల తర్వాత విన్న వెక్కిరింపు అది. ఇటుకలు నింపి, టార్పాలిన్ కట్టి, ఎత్తుల మీద తిప్పుకొచ్చాం. తిరిగొచ్చాక అక్క చేతి వెనక వైపు రేకుకు ఆనించింది.

"ఉంది గానీ, జరం కాదు. పనిజేసిన వేడి," అంది.

అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. రాయపూర్‌కు ఫోన్ చేశాడు. అవతలి గొంతు నాకూ వినిపిస్తోంది. రిపోర్టు పంపు, తర్వాత చూద్దాం, బయట ఎవరి దగ్గరా ఏదీ ఒప్పుకోవద్దు. అదీ కంపెనీ జవాబు.

అక్కకు కావలసింది మాత్రం రిపోర్టు కాదు. "బండి సంగతి తెలిసింది. సంతోషం. నా చెయ్యి సంగతి ఎవరు చెప్తరు? పుట్టింటోళ్ళు మా ఊరికి రావాలె. మా పిల్లకే జబ్బుండె, ఈమె చేతిల ఏం లేదు అని పదిమందిల నిలవడి చెప్పాలె. ఇంకేం అడగ."

నేను హిందీలోకి మార్చి చెప్పాను. అతను గొడుగు కొనతో నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఏమీ ఒప్పుకోవద్దని చెప్పారు కదా. అతనికీ ఉద్యోగం ఉంది, ఇంటి దగ్గర మనుషులున్నారు. చివరికి లేచి, "పహ్లే దేఖ్‌తే హైఁ. పదండి" అన్నాడు.

ఉసూర్ సంతరోజు అది. ఊరి పెద్దమనిషి చింతచెట్ల నీడలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ జనం. అక్క వాళ్ళకు దూరంగా నిలబడింది. ఆమె నిలబడ్డ చోటికీ జనానికీ మధ్య ఉన్న జాగా చూస్తే, ఆ ఏడాది ఆమె ఎలా బతికిందో నాకు అర్థమైంది.

ఇంజనీరు ఏమీ ఒప్పుకోలేదు. బండి వల్లే అని ఒక్క ముక్క అనలేదు. నా చేత పెద్దమనిషిని ఒకటే అడిగించాడు. మీరు విత్తనం మంచిదో కాదో ఎలా చూస్తారు?

"మోదుగాకుల కట్టి చూస్తం," అన్నాడు పెద్దమనిషి. తడిపిన గింజలను ఆకు పొట్లంలో కట్టి చూరు కింద పెడతారు. మొలక వస్తే విత్తనం, రాకపోతే తిండిగింజ.

"అయితే ఒకే కుండలోని గింజలు రెండు మూటలు కట్టించండి. ఒకటి ఈమె ఒళ్ళో పెట్టుకుని మీ అందరి ముందు కూర్చుంటుంది. రెండోది బండిలో అడుగున పెడతాను. ఈమె చెయ్యి దానికి తగలదు. బండి నేను తోలుతాను."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక ముసలావిడ, "ఆమె ఒళ్ళ పెట్టినయి మొలవకపోతే?" అని పైకే అంది. ఏ గింజ ఎందుకు మొలవదో ఎవరు చెప్పగలరు? విత్తనమే పుచ్చుదైతే? ఎవరిదో తిండిగింజల కుండ అయితే? ఆమె బతుకంతా పిడికెడు వడ్ల మీద పెట్టేశాడే ఈ మనిషి అని నాకు అతని మీద కోపం కూడా వచ్చింది. నేను అక్క వైపు చూశాను. ఆమె అప్పటికే వచ్చి జనం మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చొక్కా చేతులు పైకి మడిచింది. పచ్చబొట్లు కనబడేలా రెండు చేతులూ చాచి, "ఇయ్యుండ్రి" అంది.

పెద్దమనిషి మూట ఆమె చేతుల్లో పెట్టాడు.

ఇంజనీరు మట్టి పూత మొత్తం గీకేశాడు, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా. ట్రాలీ నిండా సంత బస్తాలు వేసి, టార్పాలిన్ కట్టి, ఎత్తులున్న ఆవపల్లి దారి పట్టాడు. పక్కన పెద్దమనిషిని కూర్చోబెట్టుకున్నాడు. బయల్దేరేముందు నాతో, "నేను ఏమీ ఒప్పుకోవడం లేదు. బండి నడుపుతున్నాను, అంతే" అన్నాడు. పొద్దు వాలేదాకా అటూ ఇటూ తోలుతూనే ఉన్నాడు. అక్క లేవలేదు. మంచినీళ్ళు ఇస్తే, మూట మీంచి చెయ్యి తియ్యనని తల అడ్డంగా ఊపింది. చివరికి ఇందాకటి ముసలావిడే లేచి వచ్చి, చెంబు ఆమె నోటి దగ్గర పెట్టి తాగించింది.

రెండు మూటల గింజలనూ తడిపి, ఆకు పొట్లాలుగా పెద్దమనిషి ఇంటి చూరుకు కట్టి మేం తిరిగొచ్చాం. ఇంజనీరు రాయపూర్ వెళ్ళిపోయాడు. కానీ ప్రతి పొద్దునా ఫోన్. గుడ్ మార్నింగ్ లేదు, బాగోగులు లేవు. "ఉగే క్యా?" మొలిచాయా? లేదు సార్, ఇంకా విప్పలేదు. మళ్ళీ మర్నాడు "ఉగే క్యా?" పెళ్ళిచూపులయిన ఇంట్లో జవాబు కోసం ఎదురుచూసినట్టు చూశాం ఇద్దరం.

కబురు పెద్దమనిషే చేశాడు. బండి అడుగున పెట్టినవి చాలామట్టుకు చచ్చాయి. అక్క ఒళ్ళో పెట్టుకున్నవి తెల్లగా ముక్కులు పెట్టాయి. "ఆమెది సల్లటి చెయ్యి. వేడంత ఇంజనుదే," అన్నాడు. ఆ ఏడు విత్తనాల పండుగలో దేవర ముందు నుంచి మొదటి దోసిలి తీసి పంచింది ఆమె. నాకు పిలుపు వచ్చింది, వెళ్ళాను. ఆమె చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి.

వానలు వెనకబట్టాక కంపెనీ నుంచి అట్టపెట్టెలు వచ్చాయి. వాటిలో నల్ల రబ్బరు పట్టీలు. ఫలానా అంచుకు, అన్ని బండ్లకూ, ఉచితంగా బిగించండి. ఎందుకో చెప్పలేదు, తప్పనలేదు, క్షమించమనలేదు. సరిగ్గా అక్క మట్టి మెత్తిన అంచుకే. నేను బిగిస్తుంటే ఆమె పక్కన నిలబడి పట్టీని వేళ్ళతో నలిపి చూసి, పకపకా నవ్వింది.

"తప్పు ఒప్పుకోలే గానీ, పిల్లకు రైకముక్క పంపిండ్రు తమ్మీ!"

ఇంజనీరుకు ఆ మాట ఫోన్లో చెబితే పడీ పడీ నవ్వాడు. అప్పటి నుంచి ఆమెను సమధన్ జీ అనేవాడు. హిందీలో వియ్యపురాలు. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు "సమధన్ జీ ఎలా ఉన్నారు?" ఆ తర్వాతే పని. ఆమె కూడా షాపుకు వచ్చినప్పుడల్లా, "వియ్యంకుడు ఏమంటుండు? ఇంక బట్టతలేనా, ఏమన్న మొలిసిందా?" అని అడిగేది. ఎన్ని ఏళ్ళు అలా గడిచాయో. షాపు ముందు ఆ కేక వినబడితే నాకు ఆ రోజు మంచిరోజు అనిపించేది. ఇప్పుడు ఆ వైపు నుంచి ఏ ట్రాలీ బండి వచ్చినా, కేక వస్తుందేమోనని చెవి అటే పోతుంది. అలవాటు పడ్డ చెవిని ఏం చెయ్యగలం?

పోయిన చలికాలంలో జ్వరమని పడుకుంది, లేవలేదు. పెద్దమనిషి ఫోన్ చేశాడు. నేను ఇంజనీరుకు చేశాను. అతను ఆ కంపెనీ మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు వేరే రాష్ట్రంలో నీటి మోటార్ల కంపెనీలో ఉన్నాడు. సంగతి చెప్పాను.

"ఇంట్లో మనిషి పోతే పుట్టింటివాళ్ళు బట్ట తేవాలని అనేవారు కదా," అన్నాడు. "నేను అందుకోలేను భయ్యా. నా తరపున నువ్వు తీసుకెళ్ళు. మంచి బట్ట తీసుకో."

గీదం బజారులో కొత్త బట్ట కొని వెళ్ళాను. ఆమె బండి వాకిట్లో ఉంది, స్టీలు గ్లాసు హ్యాండిల్‌కు అలాగే వేలాడుతోంది. పెద్దమనిషి నా చేతిలో బట్ట చూసి, "ఇది ఎవరి దిక్కు నుంచి?" అని అడిగాడు.

"బండి పుట్టింటివాళ్ళ దిక్కు నుంచి," అన్నాను.

ఒక్కరు కూడా నవ్వలేదు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. చుట్టాల బట్టల వరసలో ఆ బట్టనూ ఆమె మీద కప్పారు.

నేను బయల్దేరుతుంటే, ఆ రోజు చెంబు పట్టుకుని నీళ్ళు తాగించిన ముసలావిడ కర్ర పట్టుకుని వచ్చి, నా చేతిలో ఒక మోదుగాకు పొట్లం పెట్టింది. "బట్ట తెచ్చినోళ్ళను ఉత్త చేతుల్తోటి పంపం బిడ్డా. ఇవి ఆమె దాసిన విత్తనాలు. ఆమె చేత్తోటి తూర్పారబట్టినయి," అంది. సగం ఇంజనీరుకు పంపాను. నాకు పొలం లేదు. షాపు పక్కన ఖాళీ ఆయిలు డబ్బా ఒకటి కోసి, మట్టి నింపి, ఈ తొలకరికి మిగతా సగం వేశాను. ఆయిలు వాసన పోని డబ్బా, పైగా రోడ్డు దుమ్ము. మొలుస్తాయన్న నమ్మకం నాకే లేదు.

నిన్న అరిచినందుకు మెకానిక్‌కు టీ ఇప్పించి, రబ్బరు పట్టీ ఎందుకో మొత్తం చెప్పాను. అతను దాన్ని తుడిచి, జాగ్రత్తగా మళ్ళీ బిగించాడు. బిగించి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, డబ్బా దగ్గర ఆగి వంగి చూశాడు.

"సార్, ఇందులో ఎన్ని గింజలు వేశారు? మొలక ఇంత ఒత్తుగా ఉందేంటి?"

లెక్కపెట్టలేదన్నాను. పొట్లంలో నాకు మిగిలినవన్నీ వేశాను. ఒక్కటి కూడా మొలవకుండా పోయినట్టు లేదు.